పంటపొలముల ఇంధనము: రాష్ట్రముల భాగస్వామ్యము

పొయ్యిలో కట్టెపుల్ల మండునపుడు వెలువడు వేడిమి ఆ పుల్లలో పుట్టినది కాదు, సూర్యునిది. చెట్టు పెరుగునపుడు ఆకులలోని పత్రహరితము ఎండను గ్రహించి, ఆ శక్తితో గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేళ్లు తెచ్చియిచ్చిన నీటిని కలిపి పిండిపదార్థముగను, పీచుగను మార్చుచున్నది. పుల్ల మండుట యనగా ఈ పని వెనుకకు నడచుటయే. బొగ్గు, పెట్రోలు కూడ ఇట్టి ఎండయే గాని, అది కోట్ల సంవత్సరముల క్రిందట భూమిలో పూడిపోయిన ఎండ. నేటి పంటలో నున్నది నిన్న మొన్నటి ఎండ. ఊక, గడ్డి, చెరకు పిప్పి, పేడ, నూనెగింజలు, కుళ్లిన కూరగాయలు మొదలగు వానినన్నిటిని కలిపి శాస్త్రజ్ఞులు జీవద్రవ్యము అనుచున్నారు. దానినుండి తీసిన ఆల్కహాలు, నూనె, వాయువు మున్నగునవి జీవ ఇంధనములు.

ఈ ఇంధనమునకు ఒక గుణము, ఒక దోషము కలవు. మండించినపుడు వెలువడు బొగ్గుపులుసు వాయువు కొద్ది నెలల క్రిందట మొక్క గాలినుండి తీసికొన్నదే గనుక, మరల పైరు వేసినచో అది మరల మొక్కలోనికే చేరును. ఇది గుణము. (ఎరువులకు, ట్రాక్టరుకు, లారీకి ఖర్చగు బొగ్గు, డీసెలు సంగతి వేరు. ఆ లెక్క ఇందులోనుండి తీసివేయక తప్పదు.) ఇక దోషమేమనగా, ఈ ఇంధనము మిక్కిలి పలుచగా పరచుకొని యుండును. ఎంత పలుచనో ఒక లెక్క వేసి చూడవచ్చును. మన ప్రాంతములలో చదరపు మీటరు నేలపై దినమునకు సగటున 5 యూనిట్ల ఎండ పడుచున్నది. ఎకరమునకు 4,047 చదరపు మీటర్లు గనుక ఎకరముపై దినమునకు పడునది ఇంచుమించు 20,000 యూనిట్లు. వరి నాలుగు నెలల పైరు. 120 దినములలో 24 లక్షల యూనిట్ల ఎండ ఆ ఎకరముపై కురియును. ధాన్యము, గడ్డి కలిసి 5 టన్నులు పండినవనుకొందము. ఆరిన గడ్డిని గాని గింజను గాని ఒక కిలో మండించినచో రమారమి 4 యూనిట్ల వేడిమి వచ్చును. 5 టన్నులకు 20,000 యూనిట్లు. అనగా 120 దినములు కాసిన ఎండలో ఒక్కనాటి ఎండ మాత్రమే పంటలో నిలిచినది. తక్కినదంతయు నేలను వేడిచేసి, నీటిని ఆవిరిచేసి పోయినది.

అసలు చిక్కు ఇక్కడనే యున్నది. బొగ్గు గనిలో ఒక్కచోట గుట్టగా దొరకును. త్రవ్వి రైలుకు ఎత్తినచో చాలును. పొలముల ఇంధనమును ఎకరమెకరము తిరిగి ప్రోగుచేయవలెను. ప్రయోగశాలలో ఇది చిన్న సంగతిగా కనబడును గాని, కర్మాగారము పెట్టినవానికి ఇదియే ప్రాణసంకటము. మన దేశములో జీవ ఇంధనముల జయాపజయములను చాలవరకు నిర్ణయించినది యంత్రము కాదు, ఈ సేకరణమే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2000 సంవత్సరమునకు అటునిటుగా ఊకతోను, సర్కారు తుమ్మ కట్టెతోను నడచు చిన్న విద్యుత్ కేంద్రములు పలు జిల్లాలలో వెలసినవి. కేంద్ర ప్రభుత్వము వీనికి ప్రోత్సాహకములు ప్రకటించినది. 1986లో ఏర్పడిన నెడ్‌క్యాప్ అను రాష్ట్రసంస్థ వీని అభివృద్ధి బాధ్యతను వహించినది. రాష్ట్రపు విద్యుత్ సంస్థలు కరెంటును కొనినవి; కొనుగోలు ధరను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించినది. పెట్టుబడి ప్రైవేటువారిది. కాగితముపై ఇది చక్కని భాగస్వామ్యమే. అప్పటికి ఊక బియ్యపు మిల్లులవారికి ఒక బెడదగా నుండెడిది. ఎవరైనా తీసికొనిపోయిన చాలునని అనుకొనెడివారు.

ఇట్టి కేంద్రమునకు ఎంత ఊక కావలెనో చూడుడు. 6 మెగావాట్ల కేంద్రము రాత్రింబగళ్లు నడచినచో దినమునకు 1,44,000 యూనిట్ల కరెంటు వచ్చును. యూనిట్టుకు కిలోంబావు ఊక చొప్పున 180 టన్నులు కావలెను. ధాన్యపు బరువులో ఊక అయిదవ వంతు మాత్రమే గనుక, దినమునకు 900 టన్నుల ధాన్యము ఆడించినగాని అంత ఊక రాదు. ఏడాదికి 300 దినములు నడుపవలెనన్న, ఎకరమునకు రెండున్నర టన్నుల దిగుబడి చొప్పున, లక్షకు పైబడిన ఎకరముల ఊక మొత్తము ఆ ఒక్క బాయిలరులో పడవలెను. ఇంత చేసినను వచ్చునది పెద్ద థర్మల్ కేంద్రములోని ఒక్క 500 మెగావాట్ల యూనిట్టు ఇచ్చు కరెంటులో ఎనుబదవ వంతు.

పైగా ఊక తేలిక. ఘనపు మీటరు ఊక నూరు కిలోలకు కొంచెము మించి తూగును. అంతే బొగ్గు 800 కిలోల వరకు తూగును. ఊక వేసిన లారీ నిండును గాని బరువెక్కదు. 40 ఘనపు మీటర్లు పట్టు లారీలో నాలుగున్నర టన్నులు మించవు. అనగా దినమునకు 40 లారీలు రావలెను. దూరమునుండి తెచ్చినకొలది కిరాయి ఊక ధరను మ్రింగివేయును. బూడిద సంగతి మరియొకటి. ఊక బరువులో అయిదవ వంతుకు దగ్గరగా బూడిదయే మిగులును. అందులో నూటికి 90 పాళ్లు ఇసుక జాతికి చెందిన సిలికా. బాయిలరు గొట్టములను అది ఆకురాయివలె అరగదీయును. ఊకకు బదులు గడ్డిని మండించినచో అందలి పొటాసియము వలన బూడిద తక్కువ వేడికే కరగి గొట్టములకు అట్టగట్టును. అందుచేతనే బొగ్గు బాయిలరులో ఊకనో గడ్డినో యథాతథముగా నింపుటకు వీలులేదు, పొయ్యినే మార్చవలెను.

ఇవన్నియు ఇంజనీర్లు సరిదిద్దగలిగినవే. సరిపడనిది ధర. కరెంటు అమ్మకపు ధర ఒప్పందములోను, మండలి ఉత్తర్వులోను కట్టుబడి యున్నది. ఊక ధర అంగడిలో నున్నది. ఒక జిల్లాలో ఒకటికి రెండు కేంద్రములు వెలసి, ఇటుకబట్టీలు, ఇతర కర్మాగారములు కూడ ఊకకే ఎగబడగా, నిన్నటి బెడద నేటి సరకైనది. బియ్యపు మిల్లులు ఉప్పుడు బియ్యము చేయుటకు తమ బాయిలర్లకే ఊకను వాడుకొనసాగినవి. ఊక ధర కొన్ని రెట్లు పెరిగినది. ధర పెంచవలెనని కేంద్రముల యజమానులు, పెంచినచో వినియోగదారునిపై పడునని విద్యుత్ సంస్థలు వివాదములు సాగించగా, పెక్కు కేంద్రములు మూతపడినవి. ఒక్కొక్క కేంద్రమునకు ఇంత మేర ప్రాంతమని మొదటనే గిరి గీసి, ఇంధనపు ధరను కరెంటు ధరతో ముడిపెట్టి యుండినచో కథ వేరుగా నుండెడిది. ఆ గిరి గీయగలవాడు ఢిల్లీలో లేడు, రాష్ట్రములోనే యున్నాడు.

ఇది కేవలము పరిపాలనా సౌలభ్యపు సంగతి కాదు. మన రాజ్యాంగమే ఈ ఇంధనమును ముక్కలుగా పంచినది. వ్యవసాయము, భూమి, నీరు రాష్ట్రముల జాబితాలోనివి. మాదక పానీయములును అంతే. పెట్రోలియము కేంద్ర జాబితాలోనిది. విద్యుత్తు ఉమ్మడి జాబితాలోనిది. పెట్రోలు బంకులో ఒక లీటరు మిశ్రమ ఇంధనము పోయునపుడు ఈ మూడు జాబితాలును ఆ గొట్టములో కలియుచున్నవని చెప్పిన అతిశయోక్తి కాదు. ఈ సంగతి ఆల్కహాలు చరిత్రలో స్పష్టముగా కనబడును.

చక్కెర మిల్లులో స్ఫటికములు తీసిన పిదప మిగులు నల్లని మడ్డిలో ఇంకను చక్కెర కలదు గాని దానిని తీయుట గిట్టదు. ఈ మడ్డికి నీరు చేర్చి ఈస్టు అను సూక్ష్మజీవిని వదలినచో అది గాలి తగులనిచోట చక్కెరను ఆల్కహాలుగను, బొగ్గుపులుసు వాయువుగను విడగొట్టును. ద్రాక్షచక్కెర 180 పాళ్లకు ఆల్కహాలు 92 పాళ్లు, వాయువు 88 పాళ్లు వచ్చును. బరువులో సగము పోయినదని విచారింపనక్కరలేదు. చక్కెరలోని శక్తిలో నూటికి 97 పాళ్లు ఆల్కహాలులోనే యుండును. ఈస్టు తన కూలిగా తీసికొనునది అత్యల్పము. మనుష్యుడు కట్టిన యంత్రములలో ఇంత నిజాయితీ గలది అరుదు.

తరువాతి పని కష్టమైనది. పులిసిన ద్రవములో ఆల్కహాలు నూటికి పది పాళ్లకు అటునిటుగా మాత్రమే యుండును. బట్టీ పట్టి ఎన్నిసార్లు ఆవిరిచేసినను 95.6 పాళ్లు దాటి చిక్కబడదు; అక్కడినుండి నీరు, ఆల్కహాలు ఒకే మిశ్రమముగా ఆవిరియగును. ఆ కొంచెము నీరు పెట్రోలులో కలిసినచో, పరిస్థితులనుబట్టి ఆల్కహాలును తనతో లాగుకొని టాంకు అడుగున వేరుపడును. కావున ఇంధనపు ఆల్కహాలు 99.5 పాళ్లకు పైగా శుద్ధముగా నుండవలెను. పూర్వము సున్నముతోను, బెంజీనుతోను ఆ నీటిని తొలగించెడివారు. ఇప్పుడు జియొలైటు అను ఖనిజపు గుళికలగుండా ఆవిరిని పంపుచున్నారు. వాని సూక్ష్మరంధ్రములలో నీటి అణువు దూరును, ఆల్కహాలు అణువు దూరదు.

లీటరుకు లీటరు చూచినచో ఆల్కహాలులోని శక్తి పెట్రోలులోని దానిలో మూడింట రెండు వంతులే. నూటికి 20 పాళ్లు కలిపిన మిశ్రమములో లీటరుకు ఇంచుమించు 7 పాళ్లు శక్తి తగ్గును. ఆల్కహాలు గట్టి ఒత్తిడికి తట్టుకొని, తనంతట అంటుకొనక నిలుచును గనుక దానికి తగినట్లు మలచిన ఇంజనులో ఈ లోటు కొంత పూడును. పాత బండిలో పూడదు. ఈ సంగతి దాచిపెట్టి లాభము లేదు.

పెట్రోలులో ఆల్కహాలు కలుపుట క్రొత్త ఆలోచన కాదు. 1948లోనే కేంద్ర ప్రభుత్వము పవర్ ఆల్కహాలు చట్టమును చేసినది. చవుకగా వచ్చిన పెట్రోలు ముందు అది నిలువలేదు. 2000లో ఆ చట్టమును రద్దుచేసిరి. మరుసటి సంవత్సరమే మహారాష్ట్ర, ఉత్తరప్రదేశములలో క్రొత్త ప్రయోగములు మొదలైనవి. 2003 జనవరినుండి ఆంధ్రప్రదేశముతో సహా 9 రాష్ట్రములలో, 4 కేంద్రపాలిత ప్రాంతములలో 5 శాతము కలుపవలెనని నిర్ణయించిరి. అంతలో చెరకు పంట దెబ్బతిన్నది, మడ్డి కరవైనది, కార్యక్రమము కుంటుపడినది. 2006లో దానిని 20 రాష్ట్రములకు విస్తరించినను ఫలితము అంతంత మాత్రమే. 2013-14లో దేశము మొత్తముపై కలిపినది 38 కోట్ల లీటర్లు, 1.53 శాతము.

ఎందుకు సాగలేదు? ఈస్టు పని మానివేసినందున కాదు. రాష్ట్రమునకు ఆల్కహాలు అనగా ఎక్సైజు శాఖ గుర్తుకు వచ్చును. త్రాగు సారాకు, కారులో పోయు ఇంధనమునకు మూలద్రవ్యము ఒకటే. ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు టాంకరు దాటవలెనన్న పర్మిటు, రుసుము, తనిఖీ. మడ్డి కదలికపై కొన్ని రాష్ట్రములకు ప్రత్యేక చట్టములే కలవు. ఉత్తరప్రదేశపు చట్టము 1964 నాటిది. సారా కంపెనీలు, రసాయన పరిశ్రమలు, చమురు సంస్థలు ఒకే మడ్డికై పోటీపడగా ధర కుదరలేదు. రాష్ట్రముల పట్టుదలను తప్పుపట్టుట సులభము గాని, వాని ఖజానాలో మద్యపు రాబడి ఎంతటిదో ఎరిగినవారు అంత తేలికగా మాటాడరు.

చిక్కుముడిని రెండు చర్యలు సడలించినవి. 2014లో కేంద్ర ప్రభుత్వము ఆల్కహాలుకు నిర్ణీత ధర ప్రకటించినది; చమురు సంస్థలు ఆ ధరకు కొనవలసియున్నందున మిల్లులవారు ధైర్యము చేసి బట్టీలు కట్టిరి. 2016లో పరిశ్రమల చట్టమును సవరించి, త్రాగుటకు ఉద్దేశించిన ఆల్కహాలు రాష్ట్రముల అధికారములోనిదనియు, ఇంధనముగా వాడునది కేంద్రపు అధికారములోనిదనియు విడదీసిరి. ఆ పిమ్మట లెక్క వేగముగా మారినది. 2022 జూనునాటికి కలిపిన పాలు 10 శాతము. 2023-24లో 700 కోట్ల లీటర్లకు పైగా సేకరించిరి. మొదట 2030కి పెట్టుకొన్న 20 శాతపు గురిని 2025లోనే అందుకొనిరి. అయినను అధికారపు వాదము ముగియలేదు. 2024 అక్టోబరు 23న తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము, ఎనమండుగురు ఒకవైపు ఒకరు ఒకవైపుగా, పారిశ్రామిక ఆల్కహాలుపై చట్టము చేయు అధికారము రాష్ట్రములకు కలదని తీర్పు చెప్పి, మూడు దశాబ్దములకు పైబడిన పాత తీర్పును త్రోసివేసినది. ఇకముందు కేంద్రము రాష్ట్రములను ఒప్పించుకొనియే నడువవలసియున్నది.

గురిని అందుకొన్నారు గాని దేనితో? మడ్డి ఒక్కటే చాలదు. టన్ను మడ్డికి రమారమి 225 లీటర్లు, టన్ను చెరకును సూటిగా ఆల్కహాలుగా మార్చిన 70 లీటర్లు, టన్ను మొక్కజొన్నకు 380 లీటర్లు, నూకలకు 430 లీటర్లకు పైగా వచ్చును. కావున గింజలవైపు దృష్టి మళ్లినది. 2023-24లో అన్నిటికన్న పెద్ద ముడిసరకు మొక్కజొన్నయే. తెలుగు జిల్లాల మొక్కజొన్న రైతుకు ఇది మంచి కబురు. కోళ్లఫారముల వారికి కాదు. దాణాలో సగమునకు పైగా మొక్కజొన్నయే గదా. 2024లో మన దేశము మొక్కజొన్నను ఎగుమతి చేసినదానికన్న ఎక్కువ దిగుమతి చేసికొనవలసి వచ్చినది. నీటి లెక్క ఇంకను బరువైనది. 2021లో నీతి ఆయోగ్ ప్రకటించిన నివేదిక ప్రకారము చెరకునుండి ఒక లీటరు ఆల్కహాలు తీయుటకు పైరు త్రాగిన నీరు 2,860 లీటర్లు. పైరు సంగతి అట్లుండగా బట్టీల నీరు, వాసన, మురుగులపై భయము వేరు. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూరు ప్రజలు తమ ఊరివద్ద ఆల్కహాలు కర్మాగారము వలదని జాతీయ రహదారిపై బైఠాయించగా ప్రభుత్వము పనులను నిలిపివేసినది. భాగస్వాముల పట్టికలో ఊరి పేరు వ్రాయుట మరచినచో ఊరు తానుగా వచ్చి వ్రాసికొనును.

గింజకు, ఇంధనమునకు పోటీ లేకుండ గడ్డినుండియే ఆల్కహాలు తీయరాదా అను ప్రశ్న సహజము. గడ్డి పీచులోని సెల్యులోసు కూడ చక్కెర అణువుల గొలుసే. కాని అది లిగ్నిను అను గట్టి జిగురులో ఇమిడియున్నది. మొక్క నిటారుగా నిలుచుటకును, పురుగు తినకుండుటకును ప్రకృతి చేసికొన్న కట్టడమది. మొదట పలుచని ఆమ్లముతోను ఆవిరితోను దానిని వదులుచేసి, పిదప ఎంజైములతో గొలుసును తెంచి, అప్పుడు ఈస్టుకు అందించవలెను. 2022 ఆగస్టులో హర్యానాలోని పానిపట్టులో ప్రారంభించిన కర్మాగారము ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డినుండి 3 కోట్ల లీటర్ల ఆల్కహాలు తీయుటకు కట్టబడినది. టన్నుకు 150 లీటర్లు. నూకలతో చూచినచో మూడవ వంతు. దీనికి 900 కోట్ల రూపాయలకు పైగా ఖర్చైనది. అక్కడి రైతు వరికోతకు, గోధుమ విత్తుటకు నడుమ మూడు వారములు మాత్రమే వ్యవధి యున్నందున గడ్డిని పొలములోనే తగులబెట్టుచున్నాడు. ఏడాదికి సరిపడు గడ్డిని ఆ మూడు వారములలోనే కట్టలు కట్టి, తరలించి, వానకు తడియకుండ నిలువచేయవలెను. మరల సేకరణపు ప్రశ్నయే!

డీసెలు ప్రక్కకు వచ్చినచో ఇదే కథ మరియొక రూపములో కనబడును. నూనెను మిథైలు ఆల్కహాలుతోను, కొంచెము క్షారముతోను కలిపి వేడిచేసినచో గ్లిసరిను విడిపోయి, డీసెలువలె పలుచనైన ద్రవము వచ్చును. 2003లో కేంద్ర ప్రణాళికా సంఘపు సమితి ఒకటి జట్రోఫా అను అడవి ఆముదమును బంజరులలో విస్తారముగా నాటవలెనని సూచించినది. ఛత్తీస్‌గఢ్ వంటి రాష్ట్రములు ఇందుకై ప్రత్యేక సంస్థలనే నెలకొల్పినవి. మొక్క బ్రతికినది గాని కాయలేదు. నీరు, ఎరువు లేని నేలలో బ్రతుకుట వేరు, గింజనిచ్చుట వేరు. వరివలె, వేరుసెనగవలె తరతరములుగా మనుష్యుడు ఏరి పెంచిన మొక్క కాదది. ఒక చెట్టుకు మరియొక చెట్టుకు దిగుబడిలో పొంతన లేదు. బంజరని కాగితములో వ్రాసిన నేల పలుచోట్ల ఊరి పశువుల మేతబీడు. 2017నాటికి 20 శాతము జీవ డీసెలు అని 2009 విధానములో పెట్టుకొన్న గురి దరిదాపునకైన రాలేదు.

ఆ సందడి నడుమ ఆదిలాబాదు అడవులలో ఒక చిన్న పని జరిగినది. పవర్‌గూడ యను గోండు గ్రామమున మహిళా సంఘములవారు కానుగ గింజలను ఏరి, గానుగ ఆడించి నూనె తీసిరి. ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు, రాష్ట్రపు గిరిజనాభివృద్ధి అధికారులు తోడ్పడిరి. డీసెలుకు బదులు ఈ నూనెను వాడుటవలన తగ్గు బొగ్గుపులుసు వాయువు 147 టన్నులని లెక్కగట్టి, 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు అందుకు 645 డాలర్లు చెల్లించినది. పైకము స్వల్పమే. కాని కానుగ ఆ ప్రాంతమునకు పరాయి చెట్టు కాదు. వేళ్లలోని సూక్ష్మజీవుల సాయముతో నత్రజనిని తానే సమకూర్చుకొనును, చెక్క ఎరువగును, ఆకును పశువు అంతగా ముట్టదు. పది లక్షల ఎకరములకు పథకము వేసినవారికన్న, ఉన్న చెట్టుక్రింద రాలిన గింజను ఏరినవారికే లెక్క సరిపోయినది.

వాయువు విషయములో సేకరణపు చిక్కు కొంత తేలిక. పేడను గాని, పచ్చి చెత్తను గాని గాలి చొరని తొట్టిలో ఉంచినచో ఒక జాతి సూక్ష్మజీవులు దానిని ఆమ్లములుగా విరుచును. మరియొక జాతి ఆ ఆమ్లములనుండి మీథేను వాయువును పుట్టించును. వచ్చు వాయువులో మీథేను 60 శాతమునకు అటునిటుగా యుండును. 25 కిలోల పేడకు ఇంచుమించు ఒక ఘనపు మీటరు వాయువు. మండించినచో నత్రజని గాలిలో కలిసిపోవును. ఇచ్చట అట్లుగాక నత్రజని, భాస్వరము అన్నియు అడుగున మిగిలిన ద్రవములోనే యుండి పొలమునకు తిరిగి చేరును. జీవద్రవ్యమునుండి ఇంధనమును తీయు మార్గములలో నేలకు అప్పుపడనిది ఇదియే యనవచ్చును. ఊరూర గోబరుగ్యాసు తొట్లు చాలకాలమునుండి ఉన్నవే. ఆవులు తగ్గినచోట అవి ఎండిపోయినవి.

హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో వేరు ఏర్పాటు చేసిరి. అమ్ముడుపోక కుళ్లిన కూరగాయలు అచ్చట దినమునకు 10 టన్నుల వరకు ప్రోగుపడుచుండెడివి. తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన తొట్టెలో వానిని వేసి వాయువు తీసి, దినమునకు 500 యూనిట్ల వరకు కరెంటు పుట్టించుచున్నారు. కొంత వాయువు మార్కెట్టు క్యాంటీను పొయ్యిలోనికి పోవును. ధనము కేంద్రపు జీవసాంకేతిక విభాగమునుండి, స్థలము, నిర్వహణము రాష్ట్ర మార్కెటింగు శాఖనుండి, విద్య ప్రయోగశాలనుండి వచ్చినవి. ఇది నడచుటకు ముఖ్యకారణము యంత్రపు గొప్పతనము మాత్రమే కాదు. చెత్తను ప్రోగుచేయు ఖర్చును రైతు, వర్తకుడు ముందే భరించియున్నారు. చక్కెర మిల్లులలో పిప్పితో కరెంటు తీయుట గిట్టుబాటగుటకును కారణమిదే: చెరకు రసముకొరకు వచ్చును, పిప్పి దానివెంట ఉచితముగా వచ్చును.

ఇందుకు భిన్నమైన ప్రయత్నము ఇప్పుడు ఆంధ్రప్రదేశములో మొదలైనది. 2024 అక్టోబరులో రాష్ట్రము నూతన శుద్ధ ఇంధన విధానమును ప్రకటించినది. నవంబరులో 500 జీవవాయు కర్మాగారములు, 65,000 కోట్ల రూపాయల పెట్టుబడి అని రిలయన్సు సంస్థతో ఒప్పందము కుదిరినది. 2025 ఏప్రిలులో ప్రకాశము జిల్లా కనిగిరి సమీపమున దివాకరపల్లె వద్ద మొదటిదానికి శంకుస్థాపన చేసిరి. చెత్త దొరకునంత వరకు చూచుటగాక, బంజరు భూములలో నేపియరు గడ్డిని పెంచి తొట్లకు అందించుట ఇందలి యోచన. నేపియరు ఒకసారి నాటినచో నాలుగైదేండ్లు కోతకు వచ్చు గడ్డి, దిగుబడి కూడ మెండు. కాని మెండైన దిగుబడి నీటినుండియే రావలెను. కనిగిరి ప్రాంతమో వానకు ముఖము వాచిన నేల. గడ్డిని ఎన్ని కోతలు ఏ నీటితో తీయుదురు, మేతబీడులను ఆశ్రయించిన గొర్రెలకాపరులకు ఏ ఏర్పాటు చేయుదురు, మిగిలిన ఎరువు తిరిగి ఎవరి పొలమునకు చేరును అనునవి రాష్ట్రముచేతిలోని ప్రశ్నలు. కొనుగోలు ప్రశ్న మాత్రము కేంద్రముచేతిలోనిది. నగరముల గ్యాసు గొట్టములలో 2025-26లో 1 శాతము, మరుసటి సంవత్సరము 3, ఆ పై సంవత్సరము 4, 2028-29నుండి 5 శాతము జీవవాయువు కలిపి తీరవలెనని 2023 నవంబరులోనే నిర్ణయించియున్నారు.